ఆరు దిమ్మెలు, ఒక ఇనుప డబ్బా

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో బడి నెలల తరబడి మూతపడింది. మగపిల్లలు ఊరేగింపులకని జనగామ పోయేవాళ్లు. మేం ఇంట్లో కూర్చునేవాళ్లం. బడి లేనప్పుడు ఆడపిల్లను ఇంట్లో పెట్టుకుని ఏం చేయాలని మా బాపు నాకు పెళ్లి చేసేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆ ఏడాది మా చుట్టుపక్కల అలాంటి పెళ్లిళ్లు ఇంకా జరిగాయి.

నా పెనిమిటి జనగామలో ఒక ధాన్యం మిల్లులో గుమాస్తా. ఆరేళ్లు కాపురం చేశాం. పిల్లలు కలగలేదు. ఏడో ఏడు ఆయన ఇంకొకామెను ఇంటికి తెచ్చుకున్నాడు. నన్ను పొమ్మనలేదు. కొట్టలేదు, తిట్టలేదు. "ఉంటే ఉండు, నీకు బువ్వ పెట్టనన్ననా?" అన్నాడు. ఆ మాట విన్న మర్నాడే నేను పుట్టింటికి వచ్చేశాను. ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి పదో తరగతి ప్రైవేటుగా రాశాను. వరంగల్లులో నర్సు శిక్షణ పూర్తి చేశాను. ఎనభైల మొదట్లో భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లి దాటి ఇంకా లోపలికి ఉన్న ఒక ఊరికి నన్ను వేశారు.

ఆ ఊళ్లో దవాఖాన లేదు. నేనే దవాఖాన. ఒక పటేలు గారి ఇంటి వెనక గింజలు పోసుకునే గదిలో ఉండేదాన్ని. మందుల పెట్టె, మంచం, కిరసనాయిలు పొయ్యి, అంతే నా సామాను. పొద్దున సంచి తగిలించుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేదాన్ని. సూదులు వేసేదాన్ని, కాన్పులు చేసేదాన్ని. సాయంత్రం వచ్చి తలుపు వేసుకునేదాన్ని. ఎవరైనా "ఏం నర్సమ్మా, మీ ఆయన ఏడుంటడు?" అని అడుగుతారేమోనని భయం. అందుకని నేనే ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. ఎవరి గడపలోనూ కూర్చునేదాన్ని కాదు. పని అయిందా, లేచి వచ్చానా, అంతే.

ఆరు నెలలు గడిచాక కోతల కాలం వచ్చింది. గది ఖాళీ చేయాలని పటేలమ్మ మెల్లగా చెప్పింది. ఊళ్లో అద్దెకు ఇంకో గది లేదు, దొరికేదాకా ఉండమంది. అప్పుడు ఆ అడవి దాపున బొగ్గు కోసం బోర్లు వేసేవాళ్ల క్యాంపు ఉండేది. వాళ్లు సామాను పెట్టుకునేందుకు సముద్రం మీద ఓడల్లో వచ్చే పెద్ద ఇనుప డబ్బాలు తెచ్చుకున్నారు. క్యాంపు ఎత్తేస్తూ అందులో పాతది ఒకటి ఊరికి ఇస్తామన్నారట. ఇరవై అడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు. ముందు సగం దవాఖాన, వెనక సగం నర్సమ్మ ఇల్లు అని పైవాళ్లు నిర్ణయించారు. కిటికీలు, తలుపు క్యాంపులోనే కోసి ఇస్తారు. దాన్ని నేల మీద పెడితే వానాకాలం రేగడిలో కూరుకుపోతుంది కాబట్టి, కింద ఆరు దిమ్మెలు కట్టించుకోవాలి.

సర్పంచు నాకు మూడు జాగాలు చూపించాడు. ఒకటి బడి పక్కన, ఒకటి బస్సాగే చోట. మూడోది ఊరికి దూరంగా, బీడుగా పడావు పడ్డ సర్కారు భూమి. అక్కడి నుంచి చూస్తే ఒక్క గుడిసె తప్ప ఎవరి ఇల్లూ కనబడదు. నేను మూడోదే కావాలన్నాను. ఆయన కొంచెం వింతగా చూసి, సరేనన్నాడు.

దిమ్మెలు కట్టడానికి తాపీ పని చేసే ఒక సుతారి, ఆయన భార్య వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు రాళ్ల క్వారీలో పని చేసి తోటాలు పేల్చే మోతకు చెవులు పోగొట్టుకున్నాడు. గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. ఆమెకు మాత్రం క్షణం నోరు ఊరుకోదు. వాళ్లది జనగామ పక్కనున్న రఘునాథపల్లి అట. అన్ని నెలల తర్వాత మా వైపు మనుషులను చూడటం అదే మొదలు. ఆయనను అన్నా అన్నాను. ఆమెను వదినా అన్నాను. నేను అడగకముందే ఆమె తన సద్ది మూట విప్పి నా చేతిలో ఒక రొట్టె పెట్టింది.

పక్కనే చెట్టు కింద రేకులు కప్పుకుని వాళ్లు బస వేశారు. పల్లెలు తిరిగి రాగానే నేను గదికి పోకుండా అక్కడికే పోయేదాన్ని.

ముందు తాళ్లు పట్టి గుర్తులు పెట్టాడు. పొడుగు, వెడల్పు కొలిస్తే చాలదని, ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా తాడు పట్టాలని, రెండు అడ్డాలూ సమానంగా వస్తేనే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నట్టని చెప్పాడు. ఒక కొస వదిన పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. మొదటిసారి బెత్తెడు తేడా వచ్చింది. మూడుసార్లు మేకులు పీకి మళ్లీ కొట్టాడు. డబ్బా బరువంతా నాలుగు మూలల మీదే నిలుస్తుందని, నడుమ వేసే రెండు దిమ్మెలు ఆసరాకేనని, మూలల్లో ఏ ఒక్కటి కుంగినా డబ్బా మెలిపడి తలుపు బిగుసుకుపోతుందని ఆయన అంటుంటే, నేను నా ఇంటి గురించి మొదటిసారి శ్రద్ధగా విన్నాను.

తర్వాత గుంతలు. రేగడి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అందుకని దాని మీద ఏ బరువూ పెట్టకూడదు, కిందున్న గట్టి మొరం నేల దొరికేదాకా తవ్వాలి. పైవాళ్లు పంపిన కాగితంలో మూడడుగులని రాసి ఉంది. ఆయన ఆ కాగితం చూసి పక్కన పెట్టేశాడు. గడ్డపారతో కింద పొడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేవాడు. మిగతా సుతార్లు చప్పుడు వింటారట. ఆయనకు వినపడదు కాబట్టి అదురు అరచేతిలో తెలుసుకుంటాడు. నాలుగడుగుల మీద ఒక జానెడు పోయాక మొరం తగిలింది. "గిది గట్టిది," అని నాకేసి చూసి నవ్వాడు. నేనూ గడ్డపార మీద చెయ్యి పెట్టి చూశాను. నాకేమీ తెలియలేదు.

అయిదు గుంతల్లో మొరం తగిలింది. ఆరోది, ఊరికి అవతలి మూలది, తగల్లేదు. అయిదడుగులు పోయింది. ఆరడుగులు పోయింది. ఆయన గుంతలో నిలబడితే తల కూడా కనబడటం లేదు. మెత్తటి మట్టి, బూడిద, కుండ పెంకులు, ఒకచోట తెగిన తాడు ముక్క వచ్చాయి. ఆయన పైకి ఎక్కి వచ్చి, చేతులు దులుపుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"గిది పుట్టిన మట్టి కాదమ్మా. ఎవలో నింపిన్రు."

సర్పంచును అడిగిస్తే తనకు తెలియదన్నాడు. ఆయన నా వయసువాడే, పాత సంగతులు తెలియవు. మేం ఆ గుంత గురించే అనుకుంటుండగా, దూరంగా కనపడే గుడిసెలోని ముసలామె మేకలను తోలుకుంటూ అటు వచ్చింది. రోజూ చూస్తున్న మనిషే. నేనెప్పుడూ పలకరించలేదు. గుంతలోకి తొంగి చూసింది.

"నేనే నింపిన," అంది.

నేనూ వదినా ఆమె వైపు తిరిగాం, మమ్మల్ని చూసి ఆయనా తిరిగాడు.

"బాయి అది. మా ఇంటాయన తవ్విండు. రెండెండ్లు తవ్విండు. చారెడు నీళ్లు రాలె. ఇగ ఈ భూమిల ఏమున్నదని బొంబాయి పోయిండు మిల్లుల పనికి. మల్ల రాలె. దూడలు పడుతున్నయని నేనే పూడ్చిన, దినాం పది తట్టలు, ఇరువై తట్టలు."

ఎన్నాళ్లు పట్టిందని వదిన అడిగింది. లెక్క లేదంది ముసలామె. రెండు వానాకాలాలు పోయినట్టు గుర్తంది. ఆ భూమి వాళ్లే దున్నుకున్నా పట్టా కాలేదని, మగమనిషి లేక దాని వెంట తిరిగేవాళ్లు లేకపోయారని, అట్లా అది సర్కారుదైందని చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. నిన్న వంటలో ఉప్పెక్కువైందన్నట్టు చెప్పింది.

ముందే చెప్పి ఉంటే ఇంత తవ్వేవాళ్లం కాదు కదా అవ్వా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వొచ్చి ఆరు నెలలాయె బిడ్డా. ఒక్కనాడన్న మా గడపల కూసుంటివా? అడిగితే చెప్పకపోదునా."

నా మానాన నేనుంటున్నానని అనుకున్నాను గానీ, అది అవతలివాళ్లకు ఎట్లా కనపడుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. జనగామలో నన్ను ఎవరూ పట్టించుకోలేదని వచ్చినదాన్ని. ఇక్కడ నేను చేసిందీ అదే.

పూడ్చిన బావి మీద దిమ్మె నిలవదని సుతారి తేల్చేశాడు. ఎంత లోతు నుంచి కట్టుకొచ్చినా పక్కల మట్టి దిగుతూనే ఉంటుంది. మొత్తం గుర్తులు జరపాలి. వెనక్కి జరిపితే వాన నీళ్లు నిలిచే పల్లం. జరపగలిగింది ఊరి వైపే, అంటే ముసలామె గుడిసె వైపే. తవ్విన గుంతలు చాలావరకు వృథా పోతాయి, మళ్లీ మొదలు పెట్టాలి. నాకు సమ్మతమేనా అని వదిన చేత అడిగించాడు. సమ్మతమే అన్నాను.

కొత్త గుంతలు తవ్వడానికి, కట్టడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. అడుగున పెద్ద కంకర వేసి కాంక్రీటు పోశారు. దాని మీద రాళ్లు పేర్చి సిమెంటు మాలుతో కట్టుకుంటూ వచ్చారు. రాయి రాయికీ ఆయన దారానికి కట్టిన గుండు వేలాడదీసి నిలువు చూసుకునేవాడు. నేల మీద మూడడుగుల ఎత్తు వచ్చాక, సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస ఈ దిమ్మె దగ్గర, ఒక కొస ఆ దిమ్మె దగ్గర పట్టి, నీళ్లు నిలిచిన చోట బొగ్గుతో గీత గీశాడు. ఆ గీతల దాకా పైన కాంక్రీటు టోపీలాగా పోసి, డబ్బాను కట్టేసేందుకు ఇనుప పట్టీలు అందులో నాటాడు. ఇంత ఎత్తు ఎందుకన్నా అని అరిచి అడిగితే, పాములకు, నీళ్లకు దూరంగా ఉంటుందనీ, ఒక్క ఆడమనిషి ఉండే ఇల్లు కదా అనీ అన్నాడు.

వదిన ఆ 'ఒక్క' అనే మాటను పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం మేమిద్దరం ఇసుక జల్లిస్తున్నాం. నా సంగతంతా ఆమె అప్పటికే ఎట్లాగో తెలుసుకుంది. నేను చెప్పిన గుర్తు లేదు.

"ఒక్కదానివే ఉంటవా గిండ్ల?"

ఉంటానన్నాను.

"నేనైతే ఉండలేను. ఆయనకు నా మాటలు ఇనరావు. ముప్పై ఏండ్లాయె నా అంతట నేనే మాట్లాడుకుంటున్న. అయినా పక్కపొంటి ఆయన దగ్గు ఇనబడాలె నాకు."

జల్లెడ కింద పెట్టి నేను లేచి పోయాను. ఏడవలేదు. బిందె తీసుకుని నీళ్లకు పోయాను.

పని అయిన మర్నాడే వాళ్లు వెళ్లిపోయారు. జనగామలో వేరే కట్టడం ఒప్పుకున్నారట. పోతూ సుతారి నాకు రెండు పనులు అప్పజెప్పాడు. దిమ్మెలకు గోనె సంచులు చుట్టి ఉన్నాయి, మూడు వారాలు అవి తడారకూడదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పట్టాలి. డబ్బా దింపినప్పుడు ప్రతి మూలా కింద దారం పెట్టి లాగి చూడాలి, దారం వస్తే అక్కడ సందు ఉన్నట్టు, ఇనుప పలక దూర్చేదాకా లారీని పోనివ్వకూడదు. వదిన నా చెంపలు నిమిరింది. మా ఊరు రమ్మంది. వస్తానన్నాను. బస్సు దుమ్ములో వాళ్లు పోయాక రేకులు తీసేసిన చెట్టు కింద పొయ్యి రాళ్లు మూడు మిగిలాయి. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ మూడు వారాలు నా బతుకులో అన్నిటికన్నా ఖాళీగా గడిచిన రోజులు. పొద్దున లేచి ఆరు దిమ్మెలకు నీళ్లు పోయడం, పల్లెలు తిరగడం, మళ్లీ సాయంత్రం నీళ్లు పోయడం. బోరింగు నుంచి బిందె మోసుకుంటూ పన్నెండు సార్లు తిరగాలి. దారిన పోయేవాళ్లు నర్సమ్మ రాళ్లకు స్నానం చేయిస్తోందని నవ్వుకునేవాళ్లు. అంతకుముందు ఖాళీ నాకు అలవాటే. కానీ మధ్యలో పాతిక రోజులు ఇద్దరు మనుషులు ఉండి పోయాక అది వేరేగా ఉంది. ఒక్కోసారి తడి గోనెలకు వీపు ఆనించి కూర్చుని, మాట్లాడటానికి నోరు తెరిచి, ఎవరూ లేరని మూసుకునేదాన్ని.

నాలుగో రోజో అయిదో రోజో నేనే అవ్వ గుడిసెకు పోయాను. గడపలో కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక మోకాళ్ల నొప్పులున్నాయా అని అడిగాను. ఉన్నాయంది. ఆ సాయంత్రం నుంచి ఆమె కూడా ఒక తపేలా పట్టుకుని నా వెంట వచ్చేది. చారెడు నీళ్లు రాని బావి పక్కన ఇన్ని నీళ్లు పోస్తున్నామని ఒక్కసారే అంది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

డబ్బా అనుకున్న రోజుకు రాలేదు. ఇంకో నెల పట్టింది. చివరికి ఒక పొద్దున క్యాంపువాళ్ల లారీ, దాని వెనక క్రేను వచ్చాయి. ఊరంతా కదిలి వచ్చింది. తుప్పు పట్టిన ఎర్రటి డబ్బా గొలుసులకు వేలాడుతూ, గాలికి కొంచెం తిరుగుతూ దిగింది. దిమ్మెల మీద కూర్చున్నప్పుడు నేల అదిరినట్టు కాళ్లకు తెలిసింది. క్రేను డ్రైవరు గొలుసులు విప్పబోయాడు.

ఆగమని నేను దారం తీశాను. మూడు మూలల్లో దారం కదల్లేదు. నాలుగో మూలలో సర్రున వచ్చేసింది. వేలు దూరేంత సందు. డబ్బాయే ఎప్పుడో ఎక్కడో పడి మెలిపడిందట. అది బరువుకు అదే సర్దుకుంటుందని, చీకటి పడేలోపు తాను భూపాలపల్లి చేరాలని డ్రైవరు విసుక్కున్నాడు. నేను క్రేను ముందుకు పోయి నిలబడ్డాను.

"పలక పెట్టేదాక గొలుసు ఇప్పొద్దన్నా."

అంతమందిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన నా ముఖం చూశాడు, నా వెనక నిలబడ్డ అవ్వను చూశాడు. దిగి వెళ్లి పనిముట్ల పెట్టెలోంచి ఇనుప పలక తెచ్చాడు. మళ్లీ జానెడు ఎత్తి, పలక దూర్చి దింపారు. ఈసారి దారం బిగుసుకుంది.

ఆ డబ్బాలో నేను అయిదేళ్లకు పైగా ఉన్నాను. తలుపు ఏనాడూ బిగుసుకుపోలేదు. వానాకాలం చుట్టూ నీళ్లు నిలిచినా దిమ్మెలు కదల్లేదు. అయితే అది సుఖమైన ఇల్లని చెప్పలేను. వాన పడితే పక్కన మనిషి అరిచినా వినపడదు. ఎండ ఎక్కుతుంటే రేకు టక్కుటక్కుమని మోగేది. మొదట్లో ఎవరో తలుపు తడుతున్నారనుకుని లేచి పోయి తీసేదాన్ని. ఎన్నోసార్లు తీశాను. ఎండాకాలం మధ్యాహ్నాలు లోపల ఉండలేక డబ్బా కిందికి, దిమ్మెల నడుమ నీడలోకి చాప వేసుకుని దూరేదాన్ని. మూడడుగుల ఎత్తులో కూర్చోవచ్చు, నిలబడలేం. అవ్వ మేకలతో సహా అక్కడికే వచ్చేది. తర్వాత సూదులకు పిల్లల్ని తెచ్చే తల్లులు కూడా వంగి లోపలికి వచ్చి కూర్చునేవాళ్లు. రోగులను రాసుకునే పుస్తకం నేను సగం అక్కడే రాశాను.

ఒకసారి అవ్వ ఉత్తరం రాసిపెట్టమంది. ఎవరికి అంటే బొంబాయికి అంది. చిరునామా లేదు. ఇట్లా రాస్తే చేరదవ్వా అన్నాను.

"చేరుడు చేరకపోవుడు నీకెందుకు. నువ్వు రాయి. బాయి పూడ్చిన అని రాయి. మేకలు ఎనిమిది అయినయని రాయి. పక్కకు నర్సమ్మ ఇల్లయిందని రాయి."

రాశాను. ఆయన పేరు, కింద బొంబాయి అని రాసి పోస్టు డబ్బాలో వేశాను. అది ఎక్కడికి పోయిందో తెలియదు. నా దగ్గర ఇంకో కవరు మిగిలి ఉంది. ఆ రోజు నేనూ జనగామకు, నా పెనిమిటికి ఒక ఉత్తరం రాయాలని కూర్చున్నాను. నేను బాగానే ఉన్నానని ఒక వాక్యం రాశాను. రెండో వాక్యం ఏమిటో తోచలేదు. పొద్దుగూకేదాకా చూసి, ఆ కాగితంతో పొయ్యి అంటించుకున్నాను.

ఆరో ఏడు నాకు మహబూబాబాద్ పెద్ద దవాఖానకు బదిలీ వచ్చింది. అక్కడ పక్కా క్వార్టరు ఇస్తారు. బయలుదేరే రోజు పొద్దున్నే ట్రంకుపెట్టె బస్సాగే చోట పెట్టి, అవ్వకు చెప్పిపోదామని గుడిసెకు పోయాను. ఆమె పెరట్లో మోకాళ్ల మీద ఉంది. ఒక మేక ఈనలేక అరుస్తోంది. పిల్ల అడ్డం తిరిగింది. నేను కొంగు దోపుకుని పక్కన కూర్చున్నాను. మనుషులకే తప్ప మేకకు నేనెప్పుడూ కాన్పు చేయలేదు. చాలాసేపటికి పిల్ల కాళ్లు దొరికాయి. మెల్లగా తిప్పి బయటికి తీశాం. ఊపిరాడక కాసేపు కదలకుండా పడి ఉండి, తర్వాత తుమ్మింది. ఆ సందట్లో బస్సు హారను వేసుకుంటూ పోవడం ఇద్దరికీ వినపడింది.

"మాపటి బస్సుకు పో," అంది అవ్వ, గడ్డితో పిల్లను తుడుస్తూ.

ఇద్దరం కలిసి జొన్నరొట్టె తిన్నాం. సాయంత్రం బస్సు ఖాళీగా వచ్చింది. కండక్టరు పెట్టె పైకెక్కించాడు. ఎంత కడిగినా నా చేతులకు ఆ పిల్ల వాసన పోలేదు. పరకాల దాకా నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.